పక్కకు తప్పుకున్న కత్తెర

అత్తగారి డిటెక్టివ్ ఆఫీసులో అల్లుడు అసిస్టెంటుగా చేరాడంటే నవ్వని వాళ్ళు లేరు. ఇల్లరికం విన్నాం గానీ ఈ ఆఫీసరికం ఎక్కడా వినలేదని స్నేహితులు ఆటపట్టించేవారు. అల్లుడు మాత్రం చెవిన పెట్టేవాడు కాదు. గడప చూసి ఇంట్లో ఏం జరిగిందో చెప్పగల మనిషి దగ్గర పని నేర్చుకునే అదృష్టం పట్టినప్పుడు, ఆవిడ పెళ్ళానికి తల్లి అయితే మాత్రం ఏం పోయింది అన్నది అతని వాదన. ఆవిడ కూడా అల్లుడి మర్యాదకు ఎక్కడా లోటు రానిచ్చేవారు కాదు. చీవాట్లు పెట్టినా 'మీరు' అనే పెట్టేవారు.

ఆ సోమవారం ఉదయం అత్తగారు బల్ల ముందు కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నారు. మెట్ల మీద పరుగు లాంటి నడక వినిపించింది. తలుపు తీసుకుని ఓ ముప్పై ఏళ్ళ అమ్మాయి లోపలికి వచ్చింది. తెల్లకోటు విప్పడం కూడా మరిచిపోయి వచ్చినట్టుంది. ఆమెతో పాటు ముక్కుపుటాలు మండించే మందు వాసన కూడా గదిలోకి వచ్చింది.

"కూర్చో అమ్మాయ్. ముందు మంచినీళ్ళు తాగు. మెడికల్ కాలేజీలో శవాలు కోసే గది నుంచి తిన్నగా వస్తున్నావు, అవునా?" అన్నారు అత్తగారు.

"అవునండీ. అక్కడ డెమాన్‌స్ట్రేటర్‌ని. పిల్లలకి కోసి చూపించేదాన్ని." ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. "సాయంత్రంలోగా రాజీనామా ఇచ్చి వెళ్ళిపొమ్మన్నారు మా ప్రిన్సిపాల్. ఇవ్వకపోతే పోలీసుల్ని పిలుస్తారట. నేను చెయ్యని పనికి! ఈ మచ్చ పడితే ఇంక ఏ కాలేజీ నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

"ఏం చేశావంటున్నారు?"

"మేజోడు కోసేశానట."

అల్లుడు పెన్ను ఆపి తలెత్తాడు. ఒక మేజోడు కోసినందుకు ఉద్యోగం తీసేసే కాలేజీ ఏమిటో అతనికి అంతుపట్టలేదు. ఆ అమ్మాయి అతని ముఖం చూసి, అంత ఏడుపులోనూ చిన్నగా నవ్వింది. చెయ్యి చాచి అత్తగారి ముందున్న బత్తాయి అందుకుంది.

"ఇది చూడండి. పైన తొక్క ఉంది కదా, చర్మం అనుకోండి. లోపల తొనలు. ఒక్కో తొనకీ ఒక పొర. తొన విప్పితే రసం ముత్యాలు, ఒక్కో ముత్యానికీ మళ్ళీ దాని పొర దానికుంది. మన కండ కూడా ఇంతే. సన్నటి పోగులు కొన్ని కలిసి ఒక కట్ట, ఆ కట్టకి ఓ పొర. అలాంటి కట్టలన్నిటినీ కలిపి ఇంకో పొర. వీటన్నిటి మీదా కాలికి మేజోడు తొడిగినట్టు మందపాటి పొర ఒకటి. దాన్ని ఫాషియా అంటాం. ఎవరైనా కండ చూడ్డానికి పొరని కోసి పారేస్తారు. మా ప్రొఫెసర్‌గారు తిరగేసి ఆలోచించారు. కండంతా తీసేసి పొరని ఉంచారు. తుంటి నుంచి చీలమండ దాకా, లోపలి గదులతో సహా, ఎక్కడా చిరగకుండా. కాలేజీలో అందరం దాన్నే మేజోడు అంటాం."

"అంటే రసం పిండేసి తొన పొరల్ని నిలబెట్టారన్నమాట!" అల్లుడు నోరు తెరిచాడు.

"మూడేళ్ళు పట్టిందండీ. దేహం దానం చేసిన ఓ బడి పంతులుగారి కాలు అది. రేపు నాలుగు కాలేజీల నుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. అందరి ముందూ ప్రొఫెసర్‌గారు స్వయంగా దానికి ఓ కిటికీ కోసి, లోపలి గదులు చూపించాలి. ఆదివారం సెలవు. ఇవాళ పొద్దున్నే తలుపు తీసేసరికి తొడ మీద జానెడు చీలిక. పక్కన సింకులో నా కత్తెర దొరికింది. దాని మీద నేను పెట్టుకున్న ఎర్ర చుక్క ఉంది."

"నీకు కోపం ఉండాలిగా మరి, కోశావనడానికి?"

"దాని పక్కన పెట్టే పేర్ల పలక మీద నా పేరు కూడా వెయ్యమని అడిగాను. ప్రిన్సిపాల్ కుదరదన్నారు. కాస్త గట్టిగానే మాట్లాడాను. వరండాలో అందరూ విన్నారు."

"మీ ప్రొఫెసర్‌గారు ఏమన్నారు?"

ఆమె తల దించుకుంది. "ఏం అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఆయనకి గుండె పగిలి ఉంటుంది. ఆయన చెయ్యి చూసే నేనీ పనిలోకి వచ్చానండీ. కత్తెరతో వెన్న కూడా చెదరకుండా కొయ్యగలరు."

అత్తగారు మిగిలిన తొనలు అల్లుడి చేతిలో పెట్టి లేచారు. కేసు ఒప్పుకున్నట్టు దానర్థం.

*

మ్యూజియం గదిలో గోడల వెంట గాజు జాడీలు వరసగా ఉన్నాయి. వాటిని చూసుకునే పెద్దాయనను అందరూ తాళాల తాతయ్య అంటారు. తాళం చెవి ఒకటి తన మొలలోనే ఉంటుందనీ, రెండోది ఎవరికీ తెలియని చోట దాచాననీ ఆయన గర్వంగా చెప్పాడు.

"ఎక్కడ తాతా?"

"ఆ మూల పుర్రె నోట్లో ఉంటుందమ్మా. ఎవరికీ చెప్పకండి."

"మాకందరికీ తెలుసు తాతయ్యా," అంది ఆ అమ్మాయి దిగులుగా. తాతయ్య ముఖం మాడిపోయింది. ఆ లెక్కన ఆదివారం కాలేజీలోకి వచ్చిన ఎవరైనా పుర్రెను అడిగి లోపలికి వెళ్ళవచ్చునని అల్లుడు రాసుకున్నాడు.

గది మధ్యలో పొడవాటి గాజు తొట్టె ఉంది. అల్లుడు భయపడుతూనే వంగి చూశాడు. చూశాక భయం మరిచిపోయాడు. నీళ్ళలో ఒక కాలు ఉంది, కానీ కాలు లేదు. ముత్యం రంగు పొర ఒకటి కాలి ఆకారంలో తేలుతోంది. దీపం వెలుగు దానిలోంచి ఇవతలికి వస్తోంది. లోపల సన్నటి అడ్డుగోడలు, గది పక్కన గది, ఒకప్పుడు కండలు నిండుగా ఉన్న చోటల్లా ఖాళీ. పొర మీద మెరిసే పోగులు నేతగుడ్డలోలా వరుస తప్పకుండా పరుచుకుని ఉన్నాయి. మనిషి లోపల ఇంత అందం పెట్టుకుని, మోకాళ్ళ నొప్పులని మూలుగుతూ తిరుగుతాడా అని అతనికి ఆశ్చర్యం వేసింది.

అత్తగారు తొట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. తర్వాత భూతద్దం తీసి చీలిక మీద పెట్టారు.

"అమ్మాయ్, ఇక్కడ ఈ దారం లాంటిది ఏమిటి?"

"నరం అండీ. ఈ పొరని చీల్చుకుని పైన చర్మంలోకి వెళ్తుంది. దీన్ని తెగకుండా విడదీయడానికి నాకు నెల పైనే పట్టింది."

"చూడండి అల్లుడుగారూ. పోగుల వెంబడే చీలిక తిన్నగా దిగింది. నరం దగ్గరికి రాగానే అంగుళం పక్కకు జరిగింది. నరం దాటాక మళ్ళీ తన దారిలోకి వచ్చింది."

"చూశాను. కోసినవాడికి చెయ్యి వణికిందేమో అత్తయ్యగారూ."

"వణికితే నరం ఉండేది కాదు నాయనా."

ఇంతలో బూట్ల చప్పుడు చేసుకుంటూ కాలేజీ ఆసుపత్రి సర్జన్‌గారు వచ్చారు. భారీ మనిషి, గొంతు కూడా భారీయే. సింకులో కత్తెరను ముందు చూసింది ఆయనే. ఓ పొరకి ఇంత రాద్ధాంతం ఎందుకని ఆయనకు మొదటి నుంచీ చిరాకు.

"ఆపరేషన్‌లో రోజూ కోసి బకెట్లో వేసేదేనండీ ఇది! దీనికి మ్యూజియం కట్టి హారతి పడుతున్నారు," అన్నారు. "అయినా తప్పు తప్పే. ఇదిగో కత్తెర. ఇలా పడుంది సింకులో." చూపించే ఉత్సాహంలో ఉంగరపు వేలు కత్తెర పిడిలో దూర్చారు. వేలు దూరింది గానీ మళ్ళీ రాలేదు. లాగారు, తిప్పారు, ముఖం ఎర్రబడింది. చివరికి తాళాల తాతయ్య సబ్బు తెచ్చి ఊడదీశాడు. అల్లుడు నవ్వు దాచుకోవడానికి జాడీల వైపు తిరిగాడు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. రెండో పిడిని వేలితో తడిమి, "మీరూ ముట్టుకోండి," అని అల్లుడికిచ్చారు. వేలికి జిగురు తగిలింది. దానికి తెల్లటి నూగు కూడా అంటుకుని ఉంది.

"నాది కాదండీ అది," అంది అమ్మాయి. "నేను రోజూ స్పిరిట్‌తో తుడిచి పెడతాను. శనివారం కూడా తుడిచాను."

*

ప్రొఫెసర్‌గారి గది పుస్తకాలతో ఇరుకుగా ఉంది. ఆయన సన్నటి మనిషి, జుట్టు నెరిసింది. కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఎడంచేత్తో కుర్చీలు చూపించారు. నల్లబల్ల మీద తొడ అడ్డుకోత బొమ్మ రంగు సుద్దలతో వేసి ఉంది.

"ఎంత చక్కగా వేశారండీ!" అన్నారు అత్తగారు.

"నేను కాదు. ఈ మధ్య బొమ్మలన్నీ ఆ అమ్మాయే వేస్తోంది."

టీ వచ్చింది. ప్రొఫెసర్‌గారు అప్పుడు జేబులోంచి చెయ్యి తీసి తన కప్పు పట్టుకున్నారు. దాని పిడికి మందుల షాపులో దొరికే తెల్ల పట్టీ చుట్టి ఉంది. బల్ల మీది పెన్నుకూ అలాంటి పట్టీయే. విరిగిన కప్పును కూడా అతికించుకుని తాగే పిసినారి ఎవరైనా ఉంటారా అనుకున్నాడు అల్లుడు. తన పెన్నుకు మూత లేని సంగతి గుర్తొచ్చి మళ్ళీ సర్దుకున్నాడు.

"ఆ అమ్మాయి పని ఎలా ఉంటుంది సార్?"

"అలాంటి చెయ్యి ముప్పై ఏళ్ళలో నేను చూడలేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగింది.

"మరి ఆమే కోసిందంటారా?"

"నేను అనలేదు."

"కొయ్యలేదనీ అనలేదుగా."

ప్రొఫెసర్‌గారు మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది. అత్తగారు ఆ జేబు వైపే చూస్తూ టీ పూర్తి చేశారు. బయటికి వచ్చాక, "సాయంత్రం అందరినీ కోత గదిలోకి పిలవమని ప్రిన్సిపాల్‌గారికి చెప్పండి నాయనా," అన్నారు. ఆవిడ గొంతులో ఎప్పుడూ కేసు తేలినప్పుడుండే హుషారు లేదు. అది అల్లుడిని కలవరపెట్టింది.

*

కోత గదిలో ఖాళీ స్టీలు బల్ల చుట్టూ అందరూ చేరారు. ప్రిన్సిపాల్ ఓ చివర రాజీనామా కాగితం పట్టుకుని నిలబడ్డారు. సర్జన్‌గారు, తాళాల తాతయ్య, ప్రొఫెసర్‌గారు ఓ పక్క, ఆ అమ్మాయి ఇంకో పక్క. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బిపోయాయి.

"ముందు కోపం వచ్చినవాళ్ళు ఎలా పాడుచేస్తారో చూద్దాం," అన్నారు అత్తగారు. "అడ్డంగా నరుకుతారు, చింపుతారు, ముక్కలు చేస్తారు. ఈ చీలిక అలా లేదు. పోగుల దారిలోనే నడిచింది. నరం ఎదురైతే పక్కకు తప్పుకుంది. కాబట్టి తాళాల తాతయ్య కాదు. ఆయనకు నరం అంటే తన మెడ నరం తప్ప తెలీదు."

"బతికించావు తల్లీ," అన్నాడు తాతయ్య.

"ఇది బాగా తర్ఫీదైన చెయ్యి. పాడుచేద్దామనే వచ్చింది. కానీ నరం కనబడగానే పాడుచెయ్యడం మరిచిపోయింది. నరం తెంపడం ఆ చేతికి చేతకాదు. ఆ నరమూ తెంపి ఉంటే ఏ తాగుబోతో చేశాడనుకునేవాళ్ళం. అలాంటి చేతులు ఈ గదిలో మూడు జతలున్నాయి."

సర్జన్‌గారు గొంతు సవరించుకున్నారు. "నా పేరూ చెప్తున్నారా?"

"చెప్పి తీసేస్తున్నాను. కత్తెర పిడికి జిగురుంది, పట్టీ తాలూకు నూగుంది. ఎవరో దానికి పట్టీ చుట్టి, పనయ్యాక ఊడబీకారు. పట్టీ ఎవరు చుడతారు? పిడి తమ వేలికి కుదరక వదులైనవాళ్ళు. మీ వేలు సబ్బు లేకుండా బయటికే రాలేదు. మీరు దానికి ఇంకా పట్టీ చుడతారా? ఈ అమ్మాయికి తన కత్తెర తన వేలికి సరిపోతుంది. మూడేళ్ళు వాడింది. ఆమెకు పట్టీ ఎందుకు?"

 అల్లుడికి అప్పుడు కప్పు గుర్తొచ్చింది, పెన్ను గుర్తొచ్చింది. పిసినారితనం అనుకున్నందుకు అతని చెవులు వేడెక్కాయి.

"ఒక్క చిన్న పని చేద్దాం," అన్నారు అత్తగారు మెల్లగా. "అందరూ కుడి అరచెయ్యి ఈ బల్ల మీద బోర్లా, ఆనించి పెట్టండి."

సర్జన్‌గారి చెయ్యి చపాతీ పీటలా పరుచుకుంది. తాతయ్యది, ప్రిన్సిపాల్‌ది, అమ్మాయిది కూడా బల్లకు అతుక్కున్నాయి. ప్రొఫెసర్‌గారు కదల్లేదు.

"సార్," అన్నారు అత్తగారు. 

ఆయన చెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. చూపుడువేలు, మధ్యవేలు ఆనాయి. ఉంగరపు వేలూ చిటికెన వేలూ లోపలికి ముడుచుకుని, అరచేతిని బల్లకు తాకనివ్వకుండా ఎత్తి పట్టాయి. ఆయన ఇంకో చేత్తో అదిమారు. వేళ్ళు సాగలేదు.

సర్జన్‌గారు ఆ చెయ్యి అందుకుని తిప్పి చూశారు. అరచేతి చర్మం కింద గట్టి తాడు లాంటిది ఒకటి వేళ్ళ మొదళ్ళ దాకా పోయి ఉంది. ఆయన గొంతు ఒక్కసారి తగ్గిపోయింది. "అరచేతి ఫాషియా బిగుసుకుపోయింది. ఎన్నాళ్ళుగా సార్ ఇది? దీనికి ఆపరేషన్ ఉందిగా!"

"తెలుసు," అన్నారు ప్రొఫెసర్‌గారు. "మీరు చదివిన పుస్తకంలో ఆ అధ్యాయం రాసింది నేనే."

 తర్వాత అంతా ఆయనే చెప్పారు. జబ్బు మొదలై రెండేళ్ళయింది. ముందు సుద్దముక్క జారింది, తర్వాత కత్తెర. పొర మీద బతికిన మనిషికి పొరే సంకెళ్ళు వేసిందని తెలిస్తే లోకం నవ్వుతుందని దాచుకున్నారు. ఒక్కొక్క పనే శిష్యురాలికి అప్పగించారు. మేజోడు ముప్పాతిక వంతు ఆమె చేసిందే. రేపు పదిమంది ముందూ కిటికీ కొయ్యమంటే వేలు తిరగదు. మేజోడుకే ఏదో అయితే కార్యక్రమం ఆగిపోతుందనుకున్నారు. ఆదివారం వచ్చి, ట్రేలో చేతికందిన కత్తెర తీసుకున్నారు. పిడిలో ఉంగరపు వేలు దూరదు, మధ్యవేలితో పట్టుకుంటే పట్టు నిలవక ఊగుతుంది. అందుకే పట్టీ చుట్టుకుని, ఊపిరి బిగబట్టి కోశారు.

"పొర దానంతటదే చిరిగిందనుకుంటారనుకున్నాను. కంగారులో, కడిగిన కత్తెర సింకులోనే మరిచిపోయాను. నింద నీ మీద పడుతుందని అనుకోలేదమ్మా. పడ్డాక నోరు రాలేదు. నా తప్పు కోసినందుకు కాదు, పొద్దుటి నుంచీ ఊరుకున్నందుకు."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. అల్లుడు ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే నేనే మీ చెయ్యి అయ్యేదాన్ని కదా సార్! మీకు గుండె పగిలిందని పొద్దుటి నుంచీ నా సంగతి మానేసి మీ గురించి ఏడ్చాను. అక్కడ నన్ను దోషి అంటుంటే మీరు చెట్లు చూస్తున్నారా?"

ఆయన తల వంచుకున్నారు. ప్రిన్సిపాల్ రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, రేపటి కార్యక్రమం రద్దు చేస్తామని గొణిగారు.

"ఎందుకు రద్దు?" అంది ఆ అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూనే. "రేపు కిటికీ కొయ్యాలనుకున్నది సరిగ్గా అక్కడే. చీలిక పోగుల వెంబడే ఉంది. లోపలి గోడ ఒక్కటీ తెగలేదు, నరం నిక్షేపంగా ఉంది. అంచులు రెండూ వెనక్కి మడిచి కుడితే అదే కిటికీ." ఆమె ప్రొఫెసర్‌గారి వైపు తిరిగింది. కోపం పోలేదు గానీ, దాని పక్కనే ఇంకోటి వచ్చి నిలబడింది. "రెండు వేళ్ళు లేకుండా, పాడుచెయ్యాలని కోసి, ఇంత తిన్నగా ఎలా కోశారు సార్? పది వేళ్ళుండీ నేను కొయ్యలేను. మిమ్మల్ని క్షమించానని కాదు ఈ మాట. పని బాగుంది, అందుకని."

సర్జన్‌గారు ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. "వచ్చే వారం నా ఆసుపత్రిలో చేరండి సార్. ఆ తాడు నేను తీస్తాను," అన్నారు. కాస్త ఆగి, "బకెట్లో వెయ్యను లెండి," అని చేర్చారు.

*

మర్నాడు అత్తగారూ అల్లుడూ కూడా వెనక వరసలో కూర్చున్నారు. వచ్చిన పెద్దలు తొట్టె చుట్టూ మూగి, కిటికీలోంచి గది తర్వాత గది చూశారు. ఆ తర్వాత ఒకేసారి చప్పట్లు కొట్టారు. అందరి కళ్ళూ ప్రొఫెసర్‌గారి మీదే ఉన్నాయి.

"నిన్న రాత్రి భోజనం కూడా చెయ్యలేదు అత్తయ్యగారూ మీరు. ఆయన్ని పట్టుకున్నందుకేనా?" అని గుసగుసగా అడిగాడు అల్లుడు.

"నరం తెంపలేని మనిషిని పట్టివ్వడం నాకేం సరదా నాయనా? అయినా పట్టుకోకపోతే ఆ పిల్ల పోయేది. మాట్లాడకండి, ఆయన ఏదో చెప్తున్నారు."

"ఇది ఎవరు చేశారని మీరు అడగలేదు," అంటున్నారు ప్రొఫెసర్‌గారు. "నేనేనని మీ అందరి నమ్మకం. నేను కోసింది ఈ కిటికీ ఒక్కటే, అదీ చెడ్డ బుద్ధితో. మిగతా కథ నేనే చెప్తాను. ముందు చేసిన చెయ్యి చూడండి."

కుడిచెయ్యి జేబులోంచి తీశారు. రెండేళ్ళుగా ఎవరికీ చూపించని ఆ చేతిని, ముడుచుకున్న వేళ్ళతోనే, అంతమంది ముందూ గోడ పక్కన నిలబడ్డ శిష్యురాలి వైపు చాచారు. సభలో అందరూ అటు తిరిగారు. పక్కన పలక మీద అప్పటికింకా ఆయన పేరు ఒక్కటే ఉంది. తాళాల తాతయ్య ముందుకు వచ్చి, స్క్రూలు విప్పి, పలకను కిందికి దించాడు.